అరవై ఒకటో సంతకం

అరవై మంది ఒప్పుకున్నారు.
కొందరు ఒక్క మాటలో: సరే.
ఒకాయన గట్టు తగాదా తీర్చినట్టు
నాలుగు పేజీల సందేహాలు రాసి, చివర్లో సరే.
వాల్మియెరా బడిపిల్ల ఒకతె
అప్పట్లో ఒక్క కామా దిద్దిందట,
"దానికీ సంతకం కావాలా?" అని నవ్వింది.
కావాలనే చెప్పాను.
కామా దగ్గర మొహమాటపడితే
పేరా దగ్గర నోరు పెగలదు.

మేం రాసింది మహా గ్రంథమేమీ కాదు.
తేనెపెట్టె కింద త్రాసు పెట్టి
రాత్రికి రాత్రి బరువెంత తగ్గిందో చెప్పే
చిన్న ప్రోగ్రాముకి వాడుక పుస్తకం.
ప్రోగ్రాము ఇద్దరు రాశారు.
పుస్తకం మాత్రం ఊరుమ్మడి వంట,
దారిన పోతూ ఎవరి ఉప్పు వాళ్లు వేసి వెళ్లారు.

మొదట్లో ఎవరి తొందరో (నాదే)
"అమ్ముకోరాదు" అని లైసెన్సులో ఒక ముక్క తగిలించాం.
పన్నెండేళ్లకి అదే కాలికి అడ్డం తగిలింది.
తేనెటీగల బడి వాళ్లు అచ్చువేసి
కాగితం ఖర్చుకి అమ్ముకుంటామంటే
కుదరదని చెప్పాల్సొచ్చింది,
అదీ పిల్లల ముందు.

మార్చాలంటే రాసినవాళ్లంతా ఒప్పుకోవాలి.
ఎవరూ ఏదీ నీళ్లు వదిలి ధారపోయక్కర్లేదు.
రాసింది రాసినవాళ్లదే.
తలుపుకి గొళ్లెం ఏ వైపున ఉండాలన్నదే పేచీ.

అరవై ఒకటో పేరు విల్నిస్ క్రౌక్లిస్.
రాసింది ఒక్క పేరా, నూట పన్నెండో పేజీలో:
"చలి ఇరవై దాటితే బ్యాటరీకి ఉన్ని మేజోడు తొడగండి.
పాతదైతే మేలు. ఒంటిదైతే మరీ మేలు,
జత ఎలాగూ దొరకదు."
మూడు ఉత్తరాలకి జవాబు లేదు.
నాలుగోదానికి భార్య రాసింది:
"విల్నిస్ పోయి రెండేళ్లు. మీరెవరు?"

మనిషి పోయినా రాతమీది హక్కు
డెబ్బై ఏళ్లు బతుకుతుందని చట్టం.
ఆ పేరా తీసేసి నేనే తిరగరాయొచ్చు,
రెండు నిమిషాల పని.
కూర్చున్నాను.
"బ్యాటరీకి తగు ఆచ్ఛాదన కల్పించవలెను" అని వచ్చింది.
చదువుకుని, సిగ్గుపడి,
కుల్దీగా బస్సెక్కాను.

ఔస్మా గారు కళ్లజోడు మార్చి మార్చి పత్రం చూసింది.
"ఇది మా ఆయన రాశాడా?
కిరాణా చీటీ కూడా నాచేత రాయించేవాడు."
చదివి వినిపించమంది. వినిపించాను.
మళ్లీ ఒకసారి, అంది.
జత దొరకదన్న చోట
కిటికీవైపు తిరిగింది.
అవతల వెంటా నది సగం గడ్డకట్టి ఉంది,
మిగతా సగం చప్పుడు చేస్తోంది.
నేను రైరొట్టె మీద తేనె
అవసరానికి మించి రాస్తూ కూర్చున్నాను.

కలం అడిగింది.
"వారసులు" అన్న గీత మీద
గీత దాటకుండా సంతకం పెట్టింది.
పెట్టి, కాగితం ఇవ్వలేదు. అరచెయ్యి అడ్డం పెట్టింది.
"కానీ ఇది తప్పు."
"ఏది?"
"ఉన్ని మేజోట్లో ఎలుక కాపురం పెడుతుంది.
వైరు కొరికేస్తుంది. అప్పుడే చెప్పాను, వింటేగా.
పాత ఫెల్టు బూటు మెడ కోసి తొడగాలి. రాసుకోండి."
రాసుకున్నాను.
"ఆయన మాట కొట్టెయ్యకండి. దాని కింద రాయండి."

సంచిలో ఇంకో పత్రం ఉంది, ఖాళీది.
బయటికి తియ్యడానికి కొంచెం ధైర్యం కావలసొచ్చింది.
"ఇప్పుడు మీరు చెప్పారు గనక, దీనికి కూడా..."
"ఇది పెడితే నాకేం పోతుంది?"
"ఏమీ పోదు. మీ మాట మీదే.
రేపెవరైనా దాన్ని దిద్దితే
వద్దనకూడదు, అంతే."
"అది కష్టం," అంది.
చాలాసేపు ఆలోచించి, పెట్టింది.

తిరుగు బస్సులో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను.
ఇంటిపేరు ఒకటే, ఆడవాళ్లకి తోక మారుతుంది:
క్రౌక్లిస్, క్రౌక్లె.
జాబితాలో అరవై ఒకటి కొట్టేసి అరవై రెండు వేశాను.
బడివాళ్లకి ఫోన్ చేసి
అచ్చు ఒకరోజు ఆపమన్నాను.
నూట పన్నెండో పేజీ
కిందికి జరిగింది.